రెక్కల బలం

“రెక్కాడితే గాని డొక్కాడదు” అనే సామెత వినని తెలుగువారు అరుదు. ఏ రోజు కూలితో ఆ రోజు గడుపుకొనే శ్రమజీవి బతుకును మూడే మాటలలో చెప్పిన లోకోక్తి ఇది. ఇందులో రెక్క అంటే చెయ్యి. డొక్క అంటే కడుపు. ఆకాశంలో ఎగిరే పక్షి రెక్కను నేలమీద నడిచే మనిషికి ఆపాదించిన ఈ వాడుక వట్టి అలంకారం కాదు. వీపు పైభాగంలో, వెన్నెముకకు ఇరుపక్కలా, చర్మం కింద రెండు వెడల్పాటి ఎముకలు ఉంటాయి. చేతులను వెనక్కి లాగినప్పుడు అవి దగ్గరవుతాయి. ముందుకు చాచినప్పుడు దూరమవుతాయి. పైకెత్తినప్పుడు రెక్కలు విప్పినట్లుగా పక్కలకు తిరుగుతాయి. వ్యవహారంలో వీటిని రెక్క ఎముకలనీ, శాస్త్రగ్రంథాలలో అంసఫలకాలనీ అంటారు. అంసం అంటే భుజం. ఫలకం అంటే పలక.

తెలుగు నుడికారంలో భుజానికి దక్కిన స్థానం గొప్పది. బాధ్యతను స్వీకరించినవాడు దానిని భుజాన వేసుకున్నవాడు. ఆపదలో తోడు నిలిచినవాడు భుజం కాసినవాడు. మల్లుడు జబ్బ చరిచి ప్రత్యర్థిని పిలుస్తాడు. నాటకంలో రాజవేషానికి భుజకీర్తులు లేనిదే నిండుదనం రాదు. ఈ మాటలన్నీ భుజాన్ని బలానికీ స్థైర్యానికీ గుర్తుగా నిలిపాయి. అయితే ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఎముక గట్టిదనం నుంచి వస్తుందనుకోవడం సహజం. శరీర నిర్మాణశాస్త్రం చెప్పే సమాధానం వేరు. భుజబలం ఎముక ఒక్కదానిదే కాదు. ఆ ఎముకను నలుదిక్కుల నుంచి పట్టి నిలిపే కండరాల ఐకమత్యానిది.

అంసఫలకం త్రిభుజాకారంలో ఉండే బల్లపరుపు ఎముక. ఇది వీపున రెండవ పక్కటెముక మొదలు ఏడవ పక్కటెముక వరకు వ్యాపించి ఉంటుంది. త్రిభుజానికి ఉన్నట్లే దీనికి మూడు అంచులు, మూడు కోణాలు. వెన్నెముక వైపు నిలువుగా సాగేది లోపలి అంచు. చంక వైపు ఉండేది వెలుపలి అంచు. మూడవది పై అంచు. ఎముక ముందుతలం పక్కటెముకల వంపునకు అనుగుణంగా కొద్దిగా లోతుగా ఉంటుంది. వెనుకతలం మీద అడ్డంగా ఒక గట్టు లేచి, ఆ తలాన్ని పైన చిన్న గుంటగా, కింద పెద్ద గుంటగా విభజిస్తుంది. చేతిని వెనక్కి పోనిచ్చి వేళ్లతో తడిమితే ఈ గట్టు స్పష్టంగా తెలుస్తుంది. దాని వెంబడే వేళ్లను బయటి వైపు జరిపితే భుజం కొనన గట్టిగా తగిలే భాగం వస్తుంది. దానికి ఏక్రోమియన్ అని పేరు. దర్జీ భుజం కొలత తీసుకునేటప్పుడు టేపు ఆనించేది ఈ ప్రాంతంలోనే. ఎముక ముందువైపు కాకి ముక్కులా వంగిన మరొక కొమ్ము ఉంది. గ్రీకు భాషలో కాకిజాతి పక్షికి ఉన్న పేరును బట్టి దానికి కోరకాయిడ్ అని పేరు పెట్టారు.

అంసఫలకం అంచులు, గట్టు దృఢంగా ఉన్నా, మధ్యభాగం కొన్నిచోట్ల చాలా పలుచన. విడిగా ఉన్న ఎముకను వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ భాగం గుండా కాంతి కనిపిస్తుంది. ఇంత పలుచని ఎముక తరచుగా విరగవలసి ఉండగా, మనుషులకు కలిగే ఎముకల విరుపులలో అంసఫలకం వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. ముందువెనుకల దళసరి కండరాలు దానిని మెత్తల వలె కాపాడటం ఇందుకు ఒక కారణం. దెబ్బ తగిలినప్పుడు పక్కకు జరగగలగడం మరొక కారణం. అందువల్ల రోడ్డు ప్రమాదంలో ఎవరికైనా ఈ ఎముక విరిగిందని తెలిస్తే, దెబ్బ తీవ్రమైనదని గ్రహించి వైద్యులు పక్కటెముకలను, ఊపిరితిత్తులను కూడా వెంటనే పరీక్షిస్తారు.

అంసఫలకానికి ఉన్న అసలు విశేషం దాని ఆకారంలో లేదు, అది నిలిచే తీరులో ఉంది. కాలికి ఆధారమైన తుంటి ఎముక వెన్నెముక అడుగుభాగంతో గట్టి కీలు ద్వారా బంధింపబడి ఉంటుంది. దేహభారాన్ని మోయవలసిన కాలికి అటువంటి పునాది అవసరం. చేతికి ఆధారమైన అంసఫలకానికి వెన్నెముకతో ఏ కీలూ లేదు. పక్కటెముకల మీద ఆని ఉన్నప్పటికీ వాటితోనూ దానికి ఎముకల కీలు లేదు. నడుమ కండరాలే ఉన్నాయి. మెడ మొదట్లో అడ్డంగా చేతికి తగిలే జత్రుక, అంటే కాలరు ఎముక, ఒక కొనతో ఏక్రోమియన్‌నూ మరొక కొనతో రొమ్ము ఎముకనూ కలుపుతుంది. చేతికీ మొండేనికీ మధ్య ఎముకల ద్వారా ఉన్న లంకె ఆ ఒక్కటే. మిగిలిన బంధమంతా కండరాలదే. కాలి పునాది రాతిలో నాటిన స్తంభం వంటిదైతే, చేతి పునాది నలువైపుల మోకులు లాగి కట్టిన పందిరిరాట వంటిది. మోకులు బిగువుగా ఉన్నంతసేపే రాట నిలుస్తుంది.

ఈ ఏర్పాటు మనిషికి మాత్రమే పరిమితమైనది కాదు. బండిలాగే ఎద్దుకు జత్రుక అసలే ఉండదు. దాని ముందుకాళ్లకూ మొండేనికీ నడుమ ఎముకల కీలు ఒక్కటి కూడా లేదు. రెండు అంసఫలకాల మధ్య దాని ఛాతీ భాగమంతా కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. గతుకుల బాటలో అడుగు పడ్డప్పుడల్లా కలిగే కుదుపును ఆ కండరాలే ఇముడ్చుకుంటాయి. నాలుగు కాళ్ల జంతువులలో ఈ ఎముక ఛాతీకి పక్కన ఉండి, కాలును ప్రధానంగా ముందుకూ వెనక్కూ ఊపడానికి తోడ్పడుతుంది. మనిషిలో అది వీపు వైపునకు జరిగింది. చెయ్యి పక్కలకు చాపడానికీ, తలపైకి ఎత్తడానికీ, గుండ్రంగా తిప్పడానికీ వీలు కలిగింది.

ఈ మార్పు ఒక్కసారిగా వచ్చింది కాదు. 2000వ సంవత్సరంలో ఇథియోపియా దేశంలోని దికికా ప్రాంతంలో సుమారు 33 లక్షల సంవత్సరాల నాటి ఒక పసిబిడ్డ శిలాజ అస్థిపంజరం బయటపడింది. మానవుని పూర్వజాతులలో ఒకటైన ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్‌కు చెందిన ఆ శిశువు అంసఫలకాలు రెండూ నిలిచి ఉండటం శాస్త్రజ్ఞులకు అరుదైన అవకాశం. 2012లో వెలువడిన పరిశీలన ప్రకారం ఆ ఎముకలలో చేయి అమరే గుంట వానరాలకు వలె పైవైపు తిరిగి ఉంది. రెండు కాళ్లమీద నడవడం నేర్చిన తరువాత కూడా ఆ జాతి చెట్లెక్కడం మానలేదని దీనిని బట్టి పరిశోధకులు భావించారు. నేటి మనిషిలో ఆ గుంట పక్కకు తిరిగి ఉంటుంది. వేగంగా రాయి విసరడానికీ, పనిముట్టు పట్టడానికీ అనువైన భుజం అలా రూపొందింది.

అంసఫలకానికి మొత్తం 17 కండరాలు అతుక్కొని ఉంటాయి. పని తీరును బట్టి వాటిలో ముఖ్యమైనవాటిని రెండు వర్గాలుగా చెప్పుకోవచ్చు. మొదటి వర్గం మొండెం నుంచి బయలుదేరి అంసఫలకాన్ని పట్టుకుంటుంది. ఎముకను కదిలించడం, నిలపడం దాని పని. రెండవ వర్గం అంసఫలకం నుంచి బయలుదేరి చేతి ఎముకను పట్టుకుంటుంది. చేతిని కదిలించడం దాని పని. మొదటి వర్గం పునాదిని నిలిపితేనే రెండవ వర్గం ప్రయోజకమవుతుంది. ఒడ్డున నిలకడగా నిలబడ్డవాడు తాడు లాగితే పడవ కదులుతుంది. లాగేవాడి కాళ్లే జారుతూ ఉంటే పడవ కదలదు.

మొదటి వర్గంలో అన్నిటికంటే పెద్దది ట్రెపీజియస్. ఇది తల వెనుకభాగం నుంచి వీపు మధ్య దాకా వెన్నెముక వెంబడి పుట్టి, జత్రుక మీదా, అంసఫలకపు గట్టు మీదా ముగుస్తుంది. రెండు వైపులవీ కలిపి చూస్తే గాలిపటం ఆకారం కనిపిస్తుంది. దాని పైపోగులు భుజాన్ని ఎత్తుతాయి, నడిమిపోగులు వెనక్కి లాగుతాయి, కిందిపోగులు దించుతాయి. ‘నాకేం తెలుసు’ అన్నట్లు భుజాలు ఎగరేసినప్పుడు పనిచేసేవి ఆ పైపోగులే. దానికి లోపలి పొరలో, మెడ ఎముకల నుంచి అంసఫలకపు పై కోణానికి వచ్చే సన్నని కండరం లెవేటర్ స్కాపులే. గంటల తరబడి తల వంచి చదివినవారికి మెడ కింద, భుజానికి పైన నొప్పి తోచే చోటు తరచుగా ఇదే. వెన్నెముక నుంచి లోపలి అంచుకు ఏటవాలుగా దిగే రెండు రాంబాయిడ్ కండరాలు రెక్క ఎముకలను దగ్గరకు చేరుస్తాయి. విల్లు ఎక్కుపెట్టినవాడి వీపున ఇవి స్పష్టంగా బిగుస్తాయి.

ఈ మూడూ ఎముకను వెన్నెముక వైపు లాగేవే. వీటికి ఎదురు నిలిచి, ఎముకను ముందుకు లాగుతూ ఛాతీకి అదిమిపెట్టే ప్రధాన కండరం సెరేటస్ యాంటీరియర్. పై ఎనిమిది, తొమ్మిది పక్కటెముకల నుంచి వేళ్ల వంటి పాయలతో ఇది మొదలవుతుంది. ఆ పాయలు రంపపు పళ్లలా కనిపిస్తాయి గనుక ఆ పేరు వచ్చింది. అక్కడి నుంచి పక్కటెముకలకూ అంసఫలకానికీ నడుమ చొచ్చుకొనిపోయి, ఎముక లోపలి అంచును ముందుతలం వైపు నుంచి పట్టుకుంటుంది. తలుపు తోసేటప్పుడూ, బండిని నెట్టేటప్పుడూ, ముష్టియుద్ధంలో పిడికిలి విసిరేటప్పుడూ ఈ కండరానిదే ముఖ్యపాత్ర. సామెతలోని రెక్కకూ డొక్కకూ ఇక్కడ మరొక చుట్టరికం కనిపిస్తుంది. రెక్కాడితే డొక్క నిండుతుందని లోకానుభవం చెబుతుంది. డొక్క పక్కన పుట్టిన కండరం పట్టు ఇస్తేనే రెక్క ఆడుతుందని దేహనిర్మాణం చెబుతుంది.

ఇక రెండవ వర్గం చేతి ఎముకకు సంబంధించినది. అంసఫలకపు వెలుపలి కోణం వద్ద లోతు తక్కువైన ఒక చిన్న గుంట ఉంది. చేతి ఎముక గుండ్రని తల అందులో అమరుతుంది. ఆ తల పెద్దది, గుంట చిన్నది. చిన్న పళ్లెంలో పెద్ద నిమ్మకాయ పెట్టినట్లు ఉంటుంది. అందువల్లనే చెయ్యి ఏ దిక్కుకైనా తిరగగలదు. అందువల్లనే దేహంలోని పెద్ద కీళ్లలో అత్యధికంగా జారేది కూడా ఈ కీలే. స్వేచ్ఛకు చెల్లించిన మూల్యం అది. గుంట చుట్టూ ఉన్న మృదులాస్థి వలయం దాని లోతును కొంత పెంచుతుంది. అంతకుమించిన రక్షణ నాలుగు కండరాలది. సుప్రాస్పైనేటస్ గట్టుకు పైనున్న గుంట నుంచి, ఇన్‌ఫ్రాస్పైనేటస్ కిందనున్న గుంట నుంచి, టెరిస్ మైనర్ వెలుపలి అంచు నుంచి, సబ్‌స్కాపులారిస్ ముందుతలం నుంచి బయలుదేరుతాయి. వాటి స్నాయుబంధనాలు చేతి ఎముక తలను చొక్కా చేతి పట్టీలా చుట్టి, గుంటలోకి అదిమి ఉంచుతాయి. వాటిపై టోపీలా కప్పుకొని భుజానికి గుండ్రని రూపం ఇచ్చేది డెల్టాయిడ్. గ్రీకు అక్షరమైన డెల్టా త్రిభుజాకారం దాని పేరుకు మూలం. నడుము నుంచి చేతి ఎముకకు సాగే లాటిసిమస్ డార్సై కూడా దారిలో అంసఫలకపు కింది కోణాన్ని కొన్ని పోగులతో పట్టుకుంటుంది. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు చేతులతో మానును పట్టి దేహాన్ని పైకి లాగుకోవడంలో ఈ కండరానిది పెద్ద పాత్ర.

ఇన్ని కండరాలు కలిసి పనిచేసే తీరును చూడటానికి చెయ్యి తలపైకి ఎత్తడం ఒక్కటి చాలు. దేహం పక్కన వేలాడే చెయ్యి నిటారుగా పైకి లేవాలంటే సుమారు 180 డిగ్రీలు తిరగాలి. అందులో దాదాపు 120 డిగ్రీలు చేతి ఎముక కీలులో, తక్కిన 60 డిగ్రీలు అంసఫలకం ఛాతీ మీద తిరగడం వల్ల సమకూరుతాయి. ఈ రెండింటి మేళనాన్ని ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అనే పరిశోధకులు 1944లో సవివరంగా వర్ణించారు. ఈ నిష్పత్తి మనిషిని బట్టి, చెయ్యి ఎత్తిన ఎత్తును బట్టి మారుతుందని తరువాతి పరిశీలనలు తెలిపినా, రెండూ కలిసి సాగుతాయన్న సూత్రం చెక్కుచెదరలేదు. అంసఫలకాన్ని ఇలా తిప్పడానికి ట్రెపీజియస్ పైపోగులు ఒక దిక్కుకూ, కిందిపోగులు మరొక దిక్కుకూ, సెరేటస్ యాంటీరియర్ వేరొక దిక్కుకూ లాగుతాయి. నీటి కుళాయి తిప్పేటప్పుడు బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఎదురువైపు తోస్తేనే కుళాయి తిరుగుతుంది. కండరాల మధ్య ఈ ఎదురుబొదురు లాగుడు వైరం కాదు, సహకారం.

ఆ సహకారంలో ఒక్కటి తప్పుకున్నా ఫలితం వెంటనే కనిపిస్తుంది. సెరేటస్ యాంటీరియర్‌కు ఆజ్ఞ తెచ్చే దీర్ఘ వక్షనాడి మెడలో పుట్టి, డొక్క పక్కన కండరం పైతలం మీదుగా కిందికి దిగుతుంది. దానికి రక్షణ తక్కువ. చంక ప్రాంతంలో జరిగే శస్త్రచికిత్సలలో గాని, భుజంపై చాలాకాలం అధిక భారం మోయడం వల్ల గాని అది దెబ్బతినవచ్చు. అప్పుడు అంసఫలకపు లోపలి అంచు ఛాతీని వీడి, పక్షి రెక్కలా వెనక్కి పొడుచుకొని వస్తుంది. ఎముక విరగలేదు, కీలు జారలేదు. అయినా ఆ చేతిని భుజం ఎత్తు దాటి లేపడం రోగికి కష్టమవుతుంది. తల దువ్వుకోవడం, అటకమీది వస్తువు అందుకోవడం వంటి చిన్న పనులు భారమవుతాయి. రోగిని గోడకు అరచేతులు ఆనించి నెట్టమని చెప్పి, వెనుక నుంచి రెక్క ఎముకను గమనించి వైద్యులు దీనిని గుర్తిస్తారు.

ఈ ప్రాంతపు ప్రాధాన్యాన్ని ప్రాచీన భారతీయ వైద్యులు కూడా గుర్తించారు. సుశ్రుతసంహిత దేహంలో 107 మర్మస్థానాలను పేర్కొన్నది. వాటిలో 14 వీపునకు చెందినవి. అంసఫలకం ఆ పద్నాలుగింటిలో చేరింది. అక్కడ దెబ్బ తగిలితే చేతులు తిమ్మిరెక్కడమో, శుష్కించడమో జరుగుతుందని ఆ గ్రంథం తెలిపింది. ఆ వర్ణన నేటి నాడీశాస్త్రంతో అక్షరాలా సరిపోతుందని చెప్పలేము. అయినా వీపున తగిలిన దెబ్బకూ చేతి క్షీణతకూ సంబంధం ఉందని గమనించిన ఆ దృష్టి ప్రశంసనీయం. అంసఫలకపు పై అంచున ఒక చిన్న నొక్కు ఉంది. దాని గుండా పోయే నాడి నలిగితే ఎముక వెనుక గుంటలలోని రెండు కండరాలు క్రమంగా సన్నబడతాయని ఆధునిక వైద్యం వివరిస్తున్నది.

జూనియర్ కళాశాల విద్యార్థికి ఈ విషయం దగ్గరి సంబంధం గలది. పుట్టినప్పుడు అంసఫలకపు మధ్యభాగం మాత్రమే ఎముకగా ఉంటుంది. అంచులు, కోణాలు, కొమ్ములు మృదులాస్థిగా ఉంటాయి. ఏక్రోమియన్, కింది కోణం, లోపలి అంచు యౌవనారంభంలో ఎముకగా మారడం మొదలై, సుమారు ఇరవై నుంచి పాతికేళ్ల ప్రాయానికి తక్కిన ఎముకతో ఏకమవుతాయి. అంటే పదహారు, పదిహేడేళ్ల విద్యార్థి భుజం ఇంకా నిర్మాణంలోనే ఉంది. పుస్తకాల సంచి బరువు విద్యార్థి శరీర బరువులో పదోవంతుకు మించరాదని కేంద్ర విద్యాశాఖ 2020లో ప్రకటించిన పాఠశాల సంచి విధానం సూచించింది. 45 కిలోల బరువున్న బాలికకు ఆ లెక్కన నాలుగున్నర కిలోలు. సంచిని ఒకే భుజానికి తగిలిస్తే, అది జారిపోకుండా ఆ వైపు ట్రెపీజియస్ ఎడతెగక బిగిసి ఉండవలసి వస్తుంది. రెండు పట్టీలూ వేసుకుంటే ఆ భారం సమంగా పంచబడుతుంది.

పరీక్షల కాలంలో గంటల కొద్దీ బల్లమీదికి వంగి కూర్చోవడం, ఆ తరువాత విశ్రాంతి పేరుతో సెల్‌ఫోనుపైకి తల వంచడం నేటి విద్యార్థి దినచర్య. వంగి కూర్చోవడం ఒక్కటే నొప్పికి కారణమని వైద్యశాస్త్రం చెప్పదు. ఎంత చక్కని భంగిమ అయినా కదలిక లేకుండా చాలాసేపు సాగితే కండరాలు అలసిపోతాయి. అరగంటకొకసారి లేచి చేతులు పైకెత్తడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, గోడకు అరచేతులు ఆనించి మెల్లగా నెట్టడం వంటివి ఏ ఖర్చూ లేని సాధనలు. చేతిలో తిమ్మిరిగాని, భుజంలో తగ్గని నొప్పిగాని, ఒక రెక్క ఎముక ఉబ్బెత్తుగా పొడుచుకొని రావడంగాని కనిపిస్తే మాత్రం మర్దనలతో కాలం గడపక వైద్యుని సంప్రదించాలి.

నాగలి పట్టినా, మగ్గం నేసినా, మూట మోసినా, కలం కదిపినా ఆ పని కంటికి కనిపించేది వేళ్ల కొనలలోనే. ఆ వేళ్లకు నిలకడనిచ్చేది వీపున కంటికి కనిపించని ఒక పలుచని పలక. ఆ పలకను నిలిపేవి ఒకదానికొకటి ఎదురుగా లాగుతూనే ఒకే పనికి ఒదిగే పదిహేడు కండరాలు. వాటిలో ఒక్కటి నీరసించినా ఎత్తిన చెయ్యి నడుమనే ఆగిపోతుంది. భుజాన భారం వేసుకోబోయేవారు ముందుగా ఆ భుజాన్ని మోసేవాటిని బలంగా ఉంచుకోవాలి.